ఇంటిలోనే మరుగుపడిన నిధి

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 22:1–13, లూకా 15:8–10, ద్వితీయోపదేశకాండము 31:19–22



యోషీయా రాజు దినములలో జరిగిన సంగతి మనమందరము ఎరిగినదే. ఆయన యేలుబడిలో 18వ సంవత్సరమున యెరూషలేము మందిరము బాగుచేయబడుచుండెను. వడ్రంగులును కాసెపనివారును పనిలో నుండగా, ప్రధానయాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను. షాఫాను దానిని రాజు ఎదుట చదివెను. రాజు విని తన బట్టలు చింపుకొనెను.

ఈ వృత్తాంతములో మనము తరచుగా దాటిపోవు మాట యొకటి కలదు. ఆ గ్రంథము ఎక్కడ పోయినది? శత్రువులు దానిని ఎత్తుకొని పోలేదు. అది సముద్రములో పడిపోలేదు. అది దేవుని మందిరములోనే యున్నది. యాజకులు దినదినము నడచు చోటనే అది మరుగుపడి యున్నది. ప్రభువు చెప్పిన ఉపమానములోని స్త్రీ కూడ తన నాణెమును వీధిలో పోగొట్టుకొనలేదు, ఇంటిలోనే పోగొట్టుకొనెను. అందుచేతనే ఆమె దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరకువరకు వెదకెను.

బయట పోయినదానికొరకు మనము వెంటనే పరుగెత్తుదుము. ఇంటిలో పోయినదో, పోయినదని కూడ మనకు తెలియదు. ఈ మాసపు పాఠములో ఈ సత్యమునే సంగీత చరిత్రనుండి తీసిన కొన్ని సంగతులద్వారా ధ్యానింతము. ఇవి అమెరికా దేశములోని నల్లజాతి క్రైస్తవుల సంగతులు. వారి పిల్లలు చదువుకొనుటకు వెళ్లి, తమ తలిదండ్రుల నోటనే యున్న నిధిని తిరిగి కనుగొనిరి.

1. తలుపులు మూసికొని పాడిన పాటలు

అమెరికాలో దాసత్వము 1865లో చట్టముచేత రద్దు చేయబడెను. మరుసటి సంవత్సరము, అనగా 1866లో, టెన్నెసీ రాష్ట్రమందలి నాష్‌విల్ పట్టణమున అమెరికన్ మిషనెరీ అసోసియేషన్ వారి పూనికతో ఫిస్కు అను పాఠశాల తెరువబడెను. యుద్ధకాలములో సైనికుల ఆసుపత్రిగా వాడబడిన పాత చెక్క కొట్టములే దాని తరగతి గదులు. విద్యార్థులకు పుస్తకములు లేవు. దాసులను అమ్ముటకు కట్టియుంచిన దొడ్డిలో మిగిలియున్న త్రుప్పుపట్టిన సంకెళ్లను ఏరి, పాత ఇనుముగా అమ్మి, ఆ డబ్బుతో అక్షరాల పుస్తకములును బైబిళ్లును కొనిరని ఆ విద్యాలయపు చరిత్రలో చెప్పబడియున్నది. సంకెళ్లు బైబిళ్లుగా మారిన ఈ మాటను మన బిడ్డలకు తప్పక చెప్పవలెను.

ఆ పాఠశాలలో జార్జి వైటు అను కోశాధికారి యుండెను. సంగీతము నేర్పు పనికూడ ఆయనదే. ఆయన వద్ద పాడుట నేర్చుకొన్న వారిలో చాలమంది దాసత్వములో పుట్టిన యువతీయువకులు. వారిలో ఎల్లా షెపర్డు అను యువతి యుండెను. ఆమె 1851లో పుట్టెను. ఆమె తండ్రి 350 డాలర్లు చెల్లించి ఆమెను దాసత్వమునుండి విడిపించెను. తల్లిని మాత్రము విడిపింపలేకపోయెను. ఆమె ఫిస్కుకు వచ్చినప్పుడు ఆమె చేతిలో నున్నది 6 డాలర్లే. ఆమెయే పాటకులకు పియానో వాయించునది, పాట సరిదిద్దునది.

ఈ విద్యార్థులు సభలలో ఐరోపావారి పాటలు పాడుచుండిరి. తమ తల్లులు ప్రత్తిచేలలో పాడిన పాటలు, రాత్రివేళ రహస్యముగా కూడి ప్రార్థించునప్పుడు ఎత్తిన పాటలు వారికి తెలియనివి కావు. అయినను వాటిని బయట పాడుటకు వారికి మనస్సు ఒప్పలేదు. దీనికి రెండు కారణములు కలవని ఎల్లా షెపర్డు తరువాత వ్రాసెను. ఆ పాటలు దాసత్వపు దినములను, ఆ చీకటి గతమును జ్ఞాపకమునకు తెచ్చుచుండెను. అంతేగాక అవి తమ తలిదండ్రులకు పరిశుద్ధమైనవి, ఆరాధనకు చెందినవి. వాటిని పరులముందు ప్రదర్శనగా పెట్టుట ఎట్లు?

ఈ రెండు కారణములను మనము తేలికగా త్రోసివేయరాదు. బబులోను నదులయొద్ద కూర్చున్న ఇశ్రాయేలీయులు కూడ ఇట్టి బాధనే పడిరి. చెరపట్టినవారు వినోదముకొరకు సీయోను పాటలు పాడుమనగా, పరదేశములో ప్రభువు పాటను ఎట్లు పాడుదుమని వారు ఏడ్చిరని 137వ కీర్తనలో చదువుచున్నాము. అవమానము పొందినవాని మౌనమునకు కూడ ఒక గౌరవము కలదు.

కాని ఆ విద్యార్థులు అక్కడనే ఆగిపోలేదు. ఆచార్య స్పెన్సు గారి ఇంటి ముందరి గదిలో వారు కూడుచుండిరి. కుర్చీలు కొద్దిగా నుండుటచేత నేలమీదనే కూర్చుండి, మెల్లని స్వరముతో, తమ పితరుల పాటలను ఒకరికొకరు నేర్పుకొనిరి. ఒకనికి ఒక చరణము తెలిసియుండును, మరియొకనికి వేరొకటి. వాటిని సభలలో పాడుదుమని వారు కలనైనను అనుకొనలేదు. నెలలు గడచినకొలది ఆ పాటలలోని సౌందర్యము వారికే తెలియవచ్చెను.

2. లేమిలోనుండి ఇచ్చినవారు

1871 నాటికి ఫిస్కు పాఠశాల అప్పులలో మునిగి, మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు వైటు గారు 9 మంది విద్యార్థులను వెంటబెట్టుకొని, పాటలు పాడి ధనము కూర్చుటకై 1871 అక్టోబరు 6వ తేదీన నాష్‌విల్ విడిచి ఉత్తర రాష్ట్రములకు బయలుదేరెను. వారు బయలుదేరిన రెండు దినములకే షికాగో నగరమును ఘోరమైన అగ్ని దహింప మొదలుపెట్టెను. ఆ వార్త విని ఈ బీద విద్యార్థులు ఏమి చేసిరి? సిన్సినాటి ప్రాంతములో పాడగా తమకు వచ్చిన 50 డాలర్లకు లోపైన మొత్తమును షికాగో బాధితులకే ఇచ్చివేసిరి. తమ పాఠశాల కూలిపోవుచుండగా పరుల యింటి మంటను ఆర్పుటకు చేయి చాపిరి. కానుకపెట్టెయొద్ద బీద విధవరాలిని మెచ్చుకొన్న ప్రభువు వీరిని కూడ చూచియుండును.

ప్రయాణము సుఖమైనది కాదు. నల్లవారని అనేక హోటళ్లలో వారికి చోటు ఇయ్యలేదు. సభలకు వచ్చువారు కొద్దిమంది, కానుకలు అంతకన్న కొద్ది. వారు మనస్సు క్రుంగియున్న సమయములో వైటు గారు రాత్రియంతయు ప్రార్థించి, వారికి జూబిలీ గాయకులు అను పేరు పెట్టెను. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరమును, అనగా దాసులు విడుదల పొంది తమ స్వాస్థ్యమునకు తిరిగిపోవు సంవత్సరమును ఆ పేరు జ్ఞాపకము చేయుచున్నది.

అదే సంవత్సరము నవంబరు నెలలో ఒహాయో రాష్ట్రములోని ఓబెర్లిన్ అను ఊరిలో కాంగ్రిగేషనల్ సంఘముల మహాసభ జరుగుచుండెను. అక్కడ ఈ యువజనులు తమ తల్లుల పాటలలో నొకటైన ‘స్టీల్ అవే’ను మెల్లగా ఎత్తుకొనిరి. మాటలాడుకొనుచున్న కాపరులు నిశ్శబ్దులైరి. ఇంతవరకు ఏ గొప్ప పాటలవలన కలుగని కదలిక ఈ దీనుల పాటవలన కలిగెను. తలుపులు మూసికొని నేర్చుకొన్నదే తలుపులను తెరచెను.

1872లో వారు అమెరికా అధ్యక్షుడైన గ్రాంటు ఎదుట పాడిరి. 1873లో ఇంగ్లండు వెళ్లి విక్టోరియా రాణి ఎదుట పాడిరి. మొదటి యాత్రలోనే 20,000 డాలర్లు పాఠశాలకు చేర్చిరి. 1878 నాటికి వారు సంపాదించి ఇచ్చినది 1,50,000 డాలర్లని లెక్క. ఆ ధనముతో కట్టిన జూబిలీ హాలు 1876 జనవరి 1వ తేదీన ప్రతిష్ఠింపబడెను. అది నేటికిని నిలిచియున్నది. ఫిస్కు విశ్వవిద్యాలయములో అక్టోబరు 6వ తేదీని నేటికిని జూబిలీ దినముగా ఆచరించుచున్నారు. ఆ మొదటి గాయకుల తరువాత ఫ్రెడరిక్ లౌడిన్ అను సహోదరుడు నడిపిన జూబిలీ గాయకుల బృందము 1884 మొదలు 1890 వరకు ప్రపంచయాత్ర చేయుచు మన భారతదేశమునకు కూడ వచ్చి పాడెను. ప్రత్తిచేలలో పుట్టిన పాట మన నేలమీద కూడ వినబడెనన్నమాట.

3. పాట కట్టినవాడెవడు?

ఈ పాటలలో అనేకమునకు రచయిత పేరు లేదు. అనేక రాష్ట్రములలో దాసులకు చదువు నేర్పుట చట్టవిరుద్ధము. కాబట్టి వారు బైబిలును కన్నులతో చదువలేదు, చెవులతో విని పాటగా కట్టుకొనిరి. ఐగుప్తునుండి విడుదల, యెరికో గోడలు, సింహముల గుహలోని దానియేలు, ఏలీయా అగ్నిరథము, సిలువ, ఇవియే వారి పాటల సారము. వారి పాటలే వారికి బైబిలు.

అయినను ఒక పేరు మాత్రము మరుగుపడకుండ మనకు అందినది. ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రములో చాక్తా జాతివారి మధ్య స్పెన్సరు అకాడమీ అను మిషను పాఠశాల యుండెను. అక్కడ వాలెస్ విల్లిస్ అను దాసుడును ఆయన భార్య మినర్వాయును పని చేయుచుండిరి. పగలు పని ముగించి, సాయంకాలమున వారు పాటలు పాడుచుండిరి. ఆ పాఠశాల అధికారియైన అలెగ్జాండరు రీడు పాదిరిగారు ఆ పాటలను విని మనస్సులో నుంచుకొనెను. తరువాత ఆయన జూబిలీ గాయకుల పాటలు విన్నప్పుడు, విల్లిస్ దంపతుల పాటలు జ్ఞాపకము వచ్చి, వాటిని ఆ విద్యార్థులకు నేర్పించెను. లోకమంతయు ఎరిగిన ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ వాటిలోనిదే. 1872లో థియొడోరు సీవర్డు అను సంగీతవేత్త జూబిలీ గాయకుల పాటలను స్వరములతో వ్రాసి అచ్చువేయించెను.

ఇక్కడ ఆగి ఆలోచింతము. పాడినవారు ప్రసిద్ధులైరి. వ్రాసికొన్నవాని పేరు పుస్తకముమీద నిలిచెను. కట్టిన వృద్ధుని పేరు నిలిచినది ఒక పాదిరిగారు చెవియొగ్గి వినుటచేతను, విన్నది ఎవరియొద్ద విన్నాడో మరువకుండుటచేతను మాత్రమే. వినుట కూడ ఒక పరిచర్యయే. ఆ పాదిరిగారు చెవియొగ్గకపోయినయెడల ఆ పాట ఆ సాయంకాలపు గాలిలోనే కలిసిపోయియుండును.

4. గ్రుడ్డి తాతయు మనుమడును

పెన్సిల్వేనియా రాష్ట్రములోని యీరీ పట్టణములో హామిల్టన్ వాటర్స్ అను వృద్ధుడు ఉండెను. ఆయన దాసత్వములో పుట్టి, తన స్వాతంత్ర్యమును వెలయిచ్చి కొనుక్కొనినవాడు. చూపు పోయిన తరువాత ఆయన చేసిన పనియేదో వినుడి. సాయంకాలమున వీధిదీపములను వెలిగించుట! మనుమలు ఆయన వెంట నడచుచు త్రోవ చూపుచుండిరి. ఆయన త్రోవపొడుగున దాసుల నాటి పాటలు పాడుచు వారికి నేర్పుచుండెను. కన్నులు లేనివాడు ఊరికి వెలుగిచ్చెను, మనుమనికి పాటనిచ్చెను.

ఆ మనుమలలో హెన్రీ బర్లీ అనువాడు 1866లో పుట్టినవాడు. ఆయన 25 ఏండ్ల వయస్సున, 1892లో, న్యూయార్కులోని జాతీయ సంగీత పాఠశాలలో విద్యార్థిగా చేరెను. అదే సంవత్సరము అంటోనిన్ డ్వోరాక్ అను గొప్ప సంగీతకర్త ఆ పాఠశాలకు అధ్యక్షుడుగా బొహీమియా దేశమునుండి వచ్చెను. ఈయన పల్లెటూరివాడు. మాంసము అమ్ముకొని, పూటకూటి ఇల్లు నడుపుకొన్నవాని కుమారుడు. తన దేశపు పల్లెపాటలను ప్రేమించినవాడు. ఆయన బర్లీని తన ఇంటికి పిలిపించి, తాత నేర్పిన పాటలను మరల మరల పాడించుకొని వినెను. విద్యార్థి పాడగా అధ్యక్షుడు వినెను!

1893లో డ్వోరాక్ వార్తాపత్రికలో తన అభిప్రాయమును ప్రకటించెను. అమెరికా దేశపు సంగీతము నల్లవారి పాటలను పునాదిగా చేసికొని కట్టబడవలెనని ఆయన చెప్పిన మాటకు అనేకులు ఆశ్చర్యపడిరి, కొందరు కోపపడిరి. ఆ డిసెంబరు మాసములో న్యూయార్కులో మొదట వాయించబడిన ఆయన ‘నూతన లోకము’ అను సింఫనీలో ఆ పాటల ఛాయను విన్నవారు గుర్తించిరి. సింఫనీ యనగా అనేక వాద్యములు కూడి వాయించు పెద్ద రచన.

బర్లీ 1894లో న్యూయార్కులోని సెయింట్ జార్జి ఎపిస్కోపల్ దేవాలయమున గాయకుడుగా చేరెను. తెల్లవారి సంఘములో నల్లవాడు పాడుటయా యని మొదట కొందరు అభ్యంతరపెట్టిరి. ఆయన జవాబు చెప్పలేదు, పాడెను. 1946 వరకు 52 సంవత్సరములు అక్కడనే పాడెను. 1916 మొదలు ఆయన ‘డీప్ రివర్’ మొదలగు తన జనుల పాటలను ఒక గొంతుకయు పియానోయు కలిసి పాడునట్లు కూర్చి అచ్చువేయించగా, సభామందిరములలో పాడు గాయకులందరును వాటిని నేర్చుకొనసాగిరి. తాత చేయి పట్టుకొని నడచిన వీధిలో దొరికినదానిని ఆయన లోకమునకు పంచిపెట్టెను.

5. పాడుపడిన ఇంటిలో పెట్టెలు

మరియొక సంగతి మన దినములలో జరిగినది. ఫ్లోరెన్స్ ప్రైస్ అను నల్లజాతి స్త్రీ 1887లో ఆర్కాన్సా రాష్ట్రములోని లిటిల్ రాక్ పట్టణములో పుట్టెను. తల్లియే ఆమెకు మొదటి సంగీతపు గురువు. బోస్టను నగరములోని సంగీత పాఠశాలలో చదివి 1906లో పట్టము పొందెను. 1933 జూన్ 15వ తేదీన ఆమె రచించిన మొదటి సింఫనీని షికాగో సింఫనీ వాద్యబృందమువారు వాయించిరి. ఒక గొప్ప వాద్యబృందము నల్లజాతి స్త్రీ రచించిన సింఫనీని వాయించుట అదే మొదలు. 1939 ఏప్రిల్ 9వ తేదీ, ఈస్టరు ఆదివారమున, వాషింగ్టనులో లింకన్ స్మారకము మెట్లమీద మరియన్ ఆండర్సన్ అను గాయని 75,000 మంది యెదుట పాడెను. నల్లజాతి స్త్రీ యని ఒక పెద్ద మందిరమును ఆమెకు ఇయ్యనందున ఆమె ఆకాశము క్రింద పాడవలసి వచ్చెను. ఆ సభలో ఫ్లోరెన్స్ ప్రైస్ కూర్చిన భక్తిగీతము కూడ పాడబడెను.

ఇంతచేసినను ఆమె రచనలకు తలుపులు పూర్తిగా తెరువబడలేదు. ఆమె 1943లో బోస్టను వాద్యబృందపు నాయకునికి ఉత్తరము వ్రాసి, తాను స్త్రీ యనియు నల్లజాతిదియనియు తన రచనలను ముందే తీసివేయక, వాటి యోగ్యతనుబట్టి చూడుమని వేడుకొనెను. ఆయన వాటిని వాయింపలేదు. ఆమె 1953లో మరణించెను. ఆమె పేరు మెల్లమెల్లగా మరుగుపడెను.

2009లో ఇల్లినాయి రాష్ట్రమందు సెయింట్ ఆన్ అను చిన్న ఊరిలో పాడుపడిన ఇల్లొకదానిని కొన్నవారు దానిని బాగుచేయించుకొనబోయిరి. ఇంటిలో కాగితముల పెట్టెలు కనబడెను. కాగితములమీద సంగీత స్వరములు, వాటిపై ఫ్లోరెన్స్ ప్రైస్ పేరు. ఆ ఇల్లు ఆమె వేసవికాలమున ఉండిన ఇల్లు. వయొలిను కచేరీ రచనలు రెండును, నాలుగవ సింఫనీయు అక్కడ దొరికెను. కొన్నవారు వాటిని చెత్తతో పారవేయలేదు. ఆమె యెవరో విచారించి, ఆర్కాన్సా విశ్వవిద్యాలయమునకు ఆ కాగితములను చేర్చిరి. ఆ నాలుగవ సింఫనీ 2018లో, ఆమె మరణించిన 65 ఏండ్లకు, ఆమె పుట్టిన రాష్ట్రములోనే మొట్టమొదట వాయించబడెను. నేడు సంగీత కళాశాలలలోని విద్యార్థులు ఆమె రచనలను అభ్యసించి వాయించుచున్నారు.

ఇల్లు బాగుచేయుచుండగా దొరికిన కాగితములు! హిల్కీయా సంగతి మనకు జ్ఞాపకము రాకుండునా? ఏ మనుష్యుని రచనయు దేవుని వాక్యముతో సమానము కాదు. అయినను బాగుచేయువారికే పోయినది దొరకునను మాట రెండు చోట్లను కనబడుచున్నది. పాడుపడినదానిని విడిచిపోవువారికి ఏదియు దొరకదు.

6. మనము నేర్చుకొనవలసిన పాఠములు

మొదటిది: పాటను కాపాడుట దేవుడు ఆజ్ఞాపించిన పని. మోషే మరణదినములు సమీపించినప్పుడు దేవుడు ఆయనతో, ఈ పాట వ్రాసి ఇశ్రాయేలీయులకు నేర్పుమని సెలవిచ్చెను. పిల్లల నోట అది మరువబడకుండ నిలుచునని కూడ చెప్పెను. ధర్మశాస్త్రమును మందసము ప్రక్కన ఉంచుమన్న దేవుడు పాటను జనుల నోట ఉంచుమనెను. గ్రంథమునకు పెట్టె కావలెను, పాటకు నోరు కావలెను. నోరు మూతపడినయెడల పాట పోవును.

రెండవది: సిగ్గు మనలను దోచుకొనుచున్నది. మన పల్లె సంఘములలో చదువురాని అవ్వలు, తాతలు కలరు. పుస్తకము తెరువకయే వారు కీర్తన వెంబడి కీర్తన పాడగలరు. నాట్లు వేయునప్పుడు, కోతలప్పుడు, క్రిస్మసు రాత్రి ఇల్లిల్లు తిరుగునప్పుడు వారు పాడిన పాటలు కలవు. పట్టణమునుండి సెలవులకు వచ్చిన మన బిడ్డలు వాటిని మోటుపాటలని నవ్వినయెడల, అవ్వ పాడుట మానివేయును. ఆ విధముగా ఒక గ్రంథము మూయబడును.

డప్పు సంగతి కూడ ఇక్కడ చెప్పక తప్పదు. ఒకప్పుడు డప్పు పట్టుట మన జనులలో అనేకులకు బలవంతపు చాకిరికిని అవమానమునకును గుర్తుగా నుండెను. ఆ జ్ఞాపకముచేత దానిని ఆరాధననుండి దూరముగా నుంచిన పెద్దలను మేము తప్పుపట్టము. ఫిస్కు విద్యార్థులు మొదట మౌనముగా నుండిన కారణమును పైన చూచితిమి గదా. అయితే వారు పాటను విడువలేదు, అవమానమును మాత్రము విడిచిరి. సంకెళ్లు అమ్మివేసిరి, పాట ఉంచుకొనిరి. 150వ కీర్తన వాద్యములను ఒకదానివెంట ఒకటి పేర్కొనుచున్నది. అందులో ఇది గొప్పవారిది, అది తక్కువవారిది అను విభాగము లేదు. ఏ చేతిని మనుష్యులు తక్కువ చేసిరో ఆ చేతి వాద్యమే దేవుని స్తుతించునయెడల, అది విడుదలకు సాక్ష్యము కాదా? ప్రతి సంఘమును దీనిని ప్రార్థనపూర్వకముగా ఆలోచించుకొనవలెను.

మూడవది: కట్టినవాని పేరు మరువరాదు. మనము వాడుకొను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తనకు పైన రాగము, తాళము వ్రాయబడియుండును. రచయిత పేరును కలదు. మనలో ఎందరము వాటిని చూచుదుము? 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి గారు మన దేశపు రాగములలో నూటికి పైగా కీర్తనలు రచించిరి. ఆయన కీర్తన పాడుచు ఆయన పేరెరుగని యువజనులు అనేకులు. పైనున్న రాగమును చదివి పాడగలవారు నానాటికి తగ్గుచున్నారు. పుస్తకము మన చేతిలోనే యున్నది, నిధి అందులోనే మరుగుపడియున్నది.

నాలుగవది: పాతదానిని ప్రేమించుట క్రొత్తదానిని ద్వేషించుట కాదు. క్రొత్త కీర్తన పాడుమని 96వ కీర్తన మనలను పిలుచుచున్నది. పరలోకరాజ్యమునకు శిష్యుడైన శాస్త్రి తన నిధిలోనుండి క్రొత్తవియు పాతవియు వెలికి తెచ్చు ఇంటి యజమానునివంటివాడని ప్రభువు చెప్పెను (మత్తయి 13:52). బర్లీ తాత పాటకు పియానో జతచేసెను. ఫ్లోరెన్స్ ప్రైస్ తన జనుల పాటను సింఫనీలోనికి తెచ్చెను. వారు పాతదానిని పాతిపెట్టలేదు, దానిని విత్తనముగా విత్తిరి. గాదెలో దాచిన విత్తనము పురుగుపట్టును, పొలములో చల్లినది పంటనిచ్చును.

7. ఈ మాసములో చేయదగిన పని

ఏ సంఘమునకైనను భారము కాని పనులను సూచించుచున్నాము. యువజన కూటమివారు ఒక సాయంకాలము సంఘములోని వృద్ధుల ఇంటికి వెళ్లి, ఆచార్య స్పెన్సు గారి ఇంటిలోని విద్యార్థులవలె నేలమీద కూర్చుండి, వారు పాడునది వినవలెను. నవ్వకూడదు, మధ్యలో సరిదిద్దకూడదు. విన్న పాటను నోటుపుస్తకములో వ్రాసి, ఎవరు పాడిరి, వారు ఎవరియొద్ద నేర్చిరి, ఏ సందర్భములో పాడుదురు అను సంగతులు క్రింద వ్రాయవలెను. నేడు మన చేతులలోని ఫోనులో రాగమును కూడ పట్టియుంచవచ్చును. ఫోను పాడైనను నోటుపుస్తకము నిలుచును గనుక రెండును చేయుడి. సండేస్కూలు ఉపాధ్యాయులు అట్టి పాట ఒకటి పిల్లలకు నేర్పి, నెలకొక ఆదివారమున ఆరాధనలో పాడించవలెను. నేర్పిన అవ్వనో తాతనో ఆ దినమున ముందు వరుసలో కూర్చుండబెట్టుడి.

ఆలస్యము చేయకుడని మా మనవి. పెట్టెలోని కాగితము 50 ఏండ్లు కాచుకొని యుండగలదు. మనుష్యుని ఊపిరి అట్లు కాచుకొని యుండదు. ఈ యేడు మన మధ్య పాడుచున్న అవ్వ వచ్చే కోతలనాటికి ఉండునో లేదో దేవునికే తెలియును.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. ధర్మశాస్త్ర గ్రంథము మందిరములోనే యుండియు ఎట్లు మరుగుపడెను? మన ఇండ్లలో బైబిలు అట్లు మరుగుపడుటకు కారణము లేవి?

2. ఫిస్కు విద్యార్థులు తమ తలిదండ్రుల పాటలను మొదట బయట పాడకపోవుటకు గల రెండు కారణము లేవి? వాటివంటివి మన మధ్య కలవా?

3. మన సంఘములో ఏ పాట ఒకరిద్దరికి మాత్రమే తెలిసియున్నది? వారు ఎవరు?

4. క్రొత్త పాటలకును పాత పాటలకును మన ఆరాధనలో తగిన చోటు ఎట్లు ఇయ్యవచ్చును?

ప్రార్థన

మా పితరుల దేవా, దాసుల మూలుగు విని వారి నోట పాట ఉంచిన తండ్రీ, నీకు స్తోత్రము. మా ఇండ్లలో నీవుంచిన నిధులను చూచుటకు మాకు కన్నులిమ్ము. మా పెద్దల మాట వినుటకు చెవులిమ్ము. లోకము చేసిన అవమానమును మానుండి తీసివేసి, నీవిచ్చిన పాటను మాత్రము మాయందు నిలుపుము. మా బిడ్డల నోట నీ స్తుతి మరువబడకుండ కాపాడుము. యేసుక్రీస్తు నామమున వేడుచున్నాము. ఆమేన్.